పూసే మందు, మింగే గోళి

నా జుట్టు పలచబడుతున్న సంగతి నాకంటే ముందు ఒక కంది రైతు కనిపెట్టాడు.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన నాలుగైదేళ్లకు నాకు మా కోస్గి దగ్గరే వ్యవసాయ విస్తరణ అధికారిగా ఉద్యోగం దొరికింది. పేరు పెద్దదే గానీ పని మాత్రం చెలకల వెంట తిరగడం. ఆ రోజు ఒక చేనులో మోకాళ్ల మీద కూర్చుని, కంది పూతను వంచి, పురుగు గుడ్లు ఎక్కడ పెడుతుందో చూపిస్తున్నాను. రైతు నా వెనక నిలబడి ఉన్నాడు. ఎంతసేపటికీ ఊ కొట్టడు. తల తిప్పి చూస్తే ఆయన చూపు పూత మీద లేదు, నా నెత్తి మీద ఉంది.

"సారూ, పురుగు సంగతి జర సేపాగి చూద్దాం గని, నీ నడినెత్తిల జాగా ఖాళీ అయితాంది. చూసుకున్నవా?" అన్నాడు.

నవ్వేసి మళ్లీ పురుగు దగ్గరికే వచ్చాను. కానీ ఆ మాట నాతోపాటే బండెక్కి ఇంటిదాకా వచ్చింది. ఇంటికి వెళ్లగానే ఫోను నెత్తి వెనక పట్టుకుని ఫొటో తీసుకున్నాను. మొదటిసారి గోడ పడింది. రెండోసారి చెవి పడింది. మూడోసారి పడింది ఆ జాగా. అరచేతిలో సగమంత, నున్నగా, చుట్టూ ఉన్న వెంట్రుకలు దేనికో బెదిరి పక్కకు జరిగినట్టుగా. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు.

ఆశ్చర్యపడాల్సింది ఏమీ లేదు నిజానికి. మా బాపుకు ఇరవై ఐదేళ్లకే నెత్తి ఖాళీ అయిందట. నేను పుట్టినప్పటి నుంచి ఆయనను రుమాలు చుట్టుకోకుండా చూసింది స్నానం చేసేటప్పుడే. పొలంలో రుమాలు, అంగట్లో రుమాలు, పెళ్లిళ్లలో ఉతికిన రుమాలు. ఆయన నెత్తి అంటే నాకు రుమాలే గుర్తొస్తుంది.

ముందు అమ్మ వైద్యం మొదలైంది. ఉల్లిగడ్డ రసం తీసి పూసింది. మందారాకు నూరి పట్టించింది. ఆముదం మరిగించి రుద్దింది. ఉల్లిగడ్డ పూసుకున్న మరునాడు మండల సమావేశానికి వెళ్తే పక్కన కూర్చున్న మేడం ముక్కు మీద చున్నీ కప్పుకుని, "ఎవరో మిర్చీబజ్జీలు తెచ్చినట్టున్నరు" అంది. నేను కూడా అటూ ఇటూ చూశాను, బజ్జీల కోసం వెతుకుతున్నట్టు. ఆ మరునాడే మహబూబ్‌నగర్‌లో ఒక చర్మ వైద్యురాలి దగ్గరికి వెళ్లాను.

ఆమె నా నెత్తిని అద్దం పెట్టి చూసి, ఇంట్లో ఇంకెవరికి ఉందని అడిగారు. బాపుకు, తాతకు, చిన్నాయినకు అన్నాను. ఆమె నవ్వారు.

"అయితే ఇది మీ ఇంటి ఆస్తే. సూడుండ్రి, రెండు మందులున్నయ్. ఒకటి పూసేది, ఇంకోటి మింగేది. పూసేది పొద్దుగాల, మాపు, ఆరిన నెత్తికి కొలిచి పెట్టుకోవాలె. మొదటి నెలల ఇంకింత ఊడుతది, భయపడొద్దు. నాలుగైదు నెలలు ఓపిక పట్టాలె. దురద పెట్టొచ్చు, పొట్టు రాలొచ్చు. కొందరికి గుండె దడ, కండ్లు తిరుగుడు అయితది. గట్లయితే ఆపి నాకు చెప్పాలె."

"మరి మింగేది మేడం?"

"రోజుకొక గోళి. మంచిగనే పనిచేస్తది. కానీ కొద్దిమంది మగవాళ్లకు కోరిక తగ్గుతది. మనసు దిగులుగ ఉంటది అనేటోళ్లు ఉన్నరు. ఆపితే చానామందికి పోతది, అందరికీ పోతదని మాత్రం నేను రాసియ్యలేను. ఇంకొకటి, రెండిట్ల ఏది మొదలుపెట్టినా వాడినన్నాళ్లే జుట్టు. ఆపితే కొన్ని నెలలల్ల మళ్ల మొదటికొస్తది."

"ఏదీ వాడకుంటే?"

"ఏం కాదు. బట్టతల అయితది, అంతే. ఇది పానం తీసే రోగం కాదు. మీరు ఆలోచించుకోండ్రి."

ఆలోచించుకున్నాను గానీ, తక్కెడలో ఒక పక్క ఏం వేయాలో నాకు ముందే తెలుసు. ఆ ఏడు నాకు సంబంధాలు చూస్తున్నారు. రోజూ రైతులకు మందు డబ్బా మీది కాగితం చదివి, ఎంత కలపాలో, కొట్టాక ఎన్ని రోజులు ఆగాలో, పశువులను ఎప్పుడు తోలకూడదో చెప్పే మనిషిని. నా మందు డబ్బాలోని కాగితాన్ని మాత్రం తీసి, అలాగే మడతపెట్టి, మళ్లీ డబ్బాలో పెట్టేశాను. రెండు మందులూ ఒకే రోజు మొదలుపెట్టాను.

డాక్టరమ్మ చెప్పినట్టే మూడో వారంలో మొదలైంది ఊడటం. దిండు మీద వెంట్రుకలు, దువ్వెనలో వెంట్రుకలు, పప్పులో వెంట్రుక. అమ్మ ఆ పప్పు వెంట్రుకను వెలుతురుకు పట్టి చూసి, "గిది నీదే. నాది తెల్లగుంటది, మీ బాపుకు లేనే లేదు" అని తేల్చింది. ఊడేందుకు మందు వాడుతున్న కొడుకును ఆమె ఊరంతా ఎక్కడా చూడలేదట. నేను ఫొటోలు తీస్తూనే ఉన్నాను. నాలుగో నెల దాటాక ఒక ఆదివారం ఆ ఖాళీ జాగాలో సన్నగా నూగు కనిపించింది. తొలకరి పడిన వారానికి జొన్న చేను ఎలా ఉంటుందో అలా, దూరం నుంచి చూస్తే ఉన్నట్టు, దగ్గరికెళ్తే లేనట్టు. ఆరో నెలకు దగ్గరికెళ్లినా ఉంది! అమ్మను పిలిచి నెత్తి వంచి చూపించాను. ఆమె చేత్తో తడిమి, "ఉన్నయ్ రా, నిజంగనే ఉన్నయ్" అని ఇంట్లో లేని బాపును కేకేసింది.

ఆ నెలలోనే మహబూబ్‌నగర్‌కు పిల్లను చూడటానికి వెళ్లాం. అమ్మాయి రక్త పరీక్షలు చేసే ల్యాబులో పనిచేస్తోంది. చాయ్ తాగాక పెద్దవాళ్లు మమ్మల్ని మిద్దె మీదికి పంపారు. మిద్దె నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నిలబడటానికి ఇద్దరికీ కలిపి ఒక మూల మిగిలింది. నేను ఉద్యోగం గురించి చెబుతున్నాను. ఆమె కూడా ఆ కంది రైతులాగే నా మాటలు వినడం లేదు, నా నెత్తి వైపు చూస్తోంది.

"ఏమనుకోకుండ్రి," అంది చివరికి, "మీ నెత్తి మీద తెల్లగ ఏదో అంటుకుంది. సున్నమా?"

పొద్దున తొందరలో పూసుకున్న మందు ఎండి పొట్టులా తేలింది. సున్నమే అని చెప్పి తప్పించుకోవచ్చు. ఎందుకో చెప్పబుద్ధి కాలేదు. "జుట్టు కోసం మందు పెడ్తున్న," అన్నాను. "పెట్టకపోతే మా బాపు లెక్క అయితది."

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "పూసేది ఒక్కటేనా? గోళి గూడ వేస్కుంటున్నరా?" అని అడిగింది.

"రోజుకొకటి."

"దాని లోపటి కాగితం చదివిండ్రా?"

నేను మిరపకాయల వైపు చూశాను.

"చదవలే గదా," అని ఇప్పుడు నవ్వింది. "ఒక ఫొటో తీసి నాకు పంపుండ్రి. మా ల్యాబుకు వచ్చేటోళ్లల్ల సగం మంది గంతే. మింగేది తెలుస్తది, ఎందుకు మింగుతున్నరో తెల్వది."

సంబంధం కుదిరింది. ఇంటికి వచ్చిన వెంటనే నేను పంపిన మొదటి సందేశం ఆ కాగితం ఫొటో. రెండు వైపులా, చీమ తలకాయంత అక్షరాలు. మరునాడు మధ్యాహ్నం అన్నం వేళ ఆమె ఫోను చేసి మొత్తం తెలుగులో చెప్పింది. కాబోయే భార్య మొదటి ఫోనులో మగతనం తగ్గే సంగతి ఎలా చెబుతుందో నాకైతే ఊహ లేదు. ఆమె రక్తంలో చక్కెర సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది. కడుపుతో ఉన్న ఆడవాళ్లు పగిలిన గోళిని ముట్టకూడదని ఉందని కూడా చెప్పింది. చెట్టు కింద బండి ఆపుకుని వింటున్న నాకు చెవులు కాలిపోయాయి.

ఆమె అంతా చెప్పాక ఆగి అడిగింది. "మీకు అట్లాంటిదేమన్న ఉందా?"

ఉందో లేదో నాకే తెలియదు. రెండు మూడు నెలలుగా మనసు మబ్బు పట్టినట్టు ఉన్నమాట నిజం. పొద్దున లేవగానే చేనుకు వెళ్లబుద్ధి కావడం లేదు. ఇష్టమైన పని కూడా ఎవరో చెప్తే చేస్తున్నట్టుంది. మిగతాది నేను ఆమెతో అనలేదు గానీ, ఆమె అర్థం చేసుకుంది. అది గోళి వల్లనా, పెళ్లి భయం వల్లనా, ఆ ఏడు వానలు సరిగా లేక రైతుల మొహాలు చూసి వచ్చిందా, ఎవరు చెప్తారు? అదే ఆమెతో అన్నాను.

"గోళి నాకోసమైతే అవసరం లేదు," అంది. "మీకోసమైతే మీ ఇష్టం. నేను ఒప్పుకున్నది మిమ్మల్ని. మీ బాపును గూడ చూసిన గద, రేపు ఎట్లుంటరో నాకు తెలుసు."

నేను ఫోను పెట్టేసి, ఆ చెట్టు కింద ఒక్కడినే చాలాసేపు నవ్వాను. అంత హాయిగా నవ్వి ఎన్నాళ్లయిందో.

ఆ వారమే మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె గోళి ఆపమన్నారు. పూసే మందు పడుతోంది కాబట్టి అది ఉంచుకోవచ్చన్నారు. రెండు నెలలు తిరిగేసరికి మనసులో మబ్బు విడిపోయింది. గోళి వల్లే వచ్చిందని ఆమె అనలేదు, నేనూ అనను. నాతోపాటు పనిచేసే ఒకతను అదే గోళి ఏళ్లుగా వేసుకుంటూ, ఒత్తు జుట్టుతో, ఇద్దరు పిల్లలతో గుర్రంలా తిరుగుతున్నాడు. ఒంటికి ఒంటికి తేడా. నా తక్కెడ నాకు అటు మొగ్గింది, అంతే.

పెళ్లికి నెలన్నర ఉందనగా ఇంట్లో ఒక వింత మొదలైంది. నెలకు సరిపోయే మందు సీసా పది రోజులకే అయిపోతోంది. మూత సరిగా పెట్టడం లేదేమో అనుకున్నాను. రెండోసారి మందుల దుకాణంలో, "సీసాలు సగమే నింపి పంపుతున్నరా ఏంది?" అని గొడవ కూడా పెట్టుకున్నాను. దుకాణం ఆయన పాపం కొత్త సీసాను వెలుతురుకు పట్టి చూపించాడు. అంచుదాకా ఉంది.

ఒకరోజు పొద్దున పదకొండింటికి అమ్మ ఫోను. బాపు చేనులో కలుపు దగ్గర కళ్లు తిరిగి కూలబడ్డాడట. నేను బండి మీద వెళ్లేసరికి ఆయన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. రుమాలు తడిసి ముద్దయింది. చెయ్యి పట్టుకుంటే నాడి గబగబా కొట్టుకుంటోంది. "ఏం కాలే బిడ్డా, ఎండకు," అంటున్నాడు. ఎండ అంత లేదు ఆ రోజు. ఆటో మాట్లాడి, అమ్మను ఆయన పక్కన కూర్చోబెట్టి, కోస్గి దవాఖానకు తీసుకుపోయాను.

అక్కడి డాక్టరు చిన్న వయసు మనిషి. గుండె పరీక్ష కాగితం తీసి చూసి భయం లేదన్నాడు. "కానీ బీపీ బాగా పడిపోయింది. ఏమేం మందులు వాడ్తున్నవు పెద్దాయనా?"

"బీపీ గోళి. రోజూ పొద్దుగాల," అంది అమ్మ.

"ఇంకేం వాడ్తలేవా?"

బాపు గోడ వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. మిద్దె మీద నేను మిరపకాయల వైపు చూసిన చూపు అది. డాక్టరు నాడి చూస్తూ వంగి, ముక్కు ఎగబీల్చి, "ఏందో స్పిరిట్ వాసనొస్తాంది" అన్నాడు. నేను మెల్లగా బాపు రుమాలు విప్పాను. బోసి నెత్తి నిండా తెల్లటి పొట్టు, నాకంటే రెండింతలు.

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మొదట ఏడుస్తోందనుకున్నాను. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోంది!

"ఎన్ని దినాల నుంచి బాపూ?" అన్నాను.

"నెల దాటింది," అన్నాడు చిన్నగా. "నీకు వచ్చినయ్ గద. నాకు గూడ వస్తయేమో అనుకున్న."

"రోజుకు ఎంత పెడ్తున్నవు?"

"నువ్వు దినాం రెండుసార్లు పెడ్తవ్. నాది పెద్ద నెత్తి గద, నాలుగుసార్లు పెట్టిన. పెట్టి రుమాలు గట్టిగ చుట్టుకునేటోణ్ని, ఎవ్వరికి కనపడకుండ."

డాక్టరు తల పట్టుకున్నాడు. ఆ మందు అసలు పుట్టిందే బీపీ తగ్గించడానికని, ఉన్న బీపీ గోళికి ఇది తోడై, అంత పోసి పైన గట్టిగా కప్పేసరికి చర్మంలోంచి ఒంట్లోకి దిగి ఉంటుందని విడమరిచి చెప్పాడు. తల కడిగించి, సాయంత్రం దాకా పడుకోబెట్టుకున్నాడు. బీపీ పైకి వచ్చాకే ఇంటికి పంపాడు.

ఆ మధ్యాహ్నమంతా మేం ఆయన మంచం చుట్టూ కూర్చున్నాం. నాకు భయం పోయి కోపం వచ్చింది, కోపం పోయి సిగ్గు వచ్చింది. ఏ మందు ఎవరికి సరిపడుతుందో ఊరందరికీ చెప్పేవాణ్ని, ఆ సీసాను ఇంట్లో గూట్లో అందరికీ అందేలా పెట్టాను. అదే అంటే బాపు నా చెయ్యి తట్టాడు.

"నీ తప్పేం లేదు బిడ్డా. నా పెండ్లప్పుడు నెత్తి మీద పగిడి తియ్యలే. ఫొటోలల్ల గూడ పగిడే. మీ అమ్మ మూడోనాడు చూసింది నా నెత్తి. నీ పెండ్లికన్న రుమాలు లేకుండ ఒక్క ఫొటో దిగుదామనుకున్న."

అమ్మ అప్పటికి నవ్వు ఆపింది. ఆయన నెత్తి మీద మిగిలిన పొట్టును కొంగుతో తుడుస్తూ, "మూడోనాడు చూసిన, ఇగ గప్పటి నుంచి దినాం చూస్తనే ఉన్న. ఎన్నడన్న బాగలేదన్ననా? ఇప్పుడు కొత్త నెత్తి తెస్తే నేను గుర్తువట్టద్దా?" అంది.

బాపు కళ్లు మూసుకుని ఆ చెయ్యి కింద అలాగే పడుకున్నాడు. వాళ్లిద్దరినీ అంత దగ్గరగా చూడటం నాకు అదే మొదటిసారి. లేచి, చాయ్ తెస్తానని బయటికి వచ్చాను.

పెళ్లి రోజు మండపంలో ఫొటోలు తీసేటప్పుడు, పిలవకుండానే బాపు రుమాలు విప్పి భుజాన వేసుకుని మా పక్కన నిలబడ్డాడు. ఊరి వాళ్లు సగం మంది ఆయనను గుర్తుపట్టలేదు. "గా నున్నటి నెత్తాయన ఎవరు, పిల్ల తరపోళ్లా?" అని ఎవరో అడిగారు. ఫొటోలో ఆయన నెత్తి దీపాల వెలుగుకు మెరుస్తోంది. నా నెత్తి నల్లగా, ఒత్తుగా ఉంది. నా భార్య ఆ ఫొటో చూసి, "ఇద్దరిల మామయ్యనే బాగున్నరు" అంది, నన్ను ఏడిపించడానికి. కొంచెం నిజమే కూడా.

పెళ్లయ్యాక రెండేళ్లు పూసే మందు మానలేదు. సీసా మాత్రం బీరువాలోకి, తాళం కిందికి చేరింది. పడుతున్న మందును ఎందుకు మానాలి? అద్దంలో నన్ను నేను చూసుకుంటే బాగుండేది. ఆ సంతోషం దొంగ సంతోషం కాదు.

తర్వాత మాకు బిడ్డ పుట్టింది. ఐదో నెల నుంచి దానికి ఒకటే ఆట. నన్ను ఎత్తుకోమనడం, రెండు చేతులా నా జుట్టు పట్టి గుంజడం, ఆ చేతులు నోట్లో పెట్టుకోవడం. మందు పూసుకున్నప్పుడల్లా నేను దానికి దూరంగా కూర్చోవాల్సి వచ్చేది. అది నేల మీద పాకుతూ వచ్చేది, నేను లేచి పక్కగదిలోకి పారిపోయేవాణ్ని. అది ఏడ్చేది. ఒక పొద్దున పారిపోతూ గుమ్మంలో ఆగాను. మందు పూసుకునే వేళ మార్చుకోవచ్చు, టోపీ పెట్టుకోవచ్చు, దారులు ఉన్నాయి. కానీ నా భార్యను అడిగితే, "మీకు జుట్టు కావాల్నా, గుంజేది కావాల్నా?" అంది. ఆ ప్రశ్నకు కాగితం చదవాల్సిన పని లేకపోయింది.

మందు ఆపిన నాలుగు నెలలకు వచ్చినవి వచ్చినట్టే వెళ్లిపోయాయి. మొదటి వారాల్లో బాధపడలేదని చెప్తే అబద్ధం. దువ్వెన చూసినప్పుడల్లా మనసు చివుక్కుమనేది. తర్వాత మంగలి దుకాణంలో, "అన్నా, మొత్తం తీసెయ్," అన్నాను. ఇంటికి వచ్చేసరికి బిడ్డ గడప దగ్గర ఉంది. నన్ను చూసి ఒక్క క్షణం కొత్త మనిషనుకుంది. వంగితే రెండు చేతులా నా నెత్తి తడిమింది. పట్టుకుని గుంజడానికి ఏమీ దొరకలేదు. అప్పుడు అరచేతులతో టపటపా కొట్టి, ఆ చప్పుడుకు కిలకిలా నవ్వింది.

ఇప్పుడు కూడా తెలిసిన కుర్రకారు నన్ను పక్కకు పిలిచి అడుగుతారు, అన్నా వాడాల్నా వద్దా అని. వాడమనీ చెప్పను, వద్దనీ చెప్పను. మంచి డాక్టరుకు చూపించుకోండి, ఇంట్లో ఉన్న రోగాలు, వాడే గోళీలు దాచకుండా చెప్పండి, కాగితం చదవండి అంటాను. చదవడం రాకపోతే చదివేవాళ్లను పెళ్లి చేసుకోండి అంటాను.

మొన్న వానాకాలం కృష్ణకు వరదొచ్చి నందికొండలో సాగర్ డ్యాం గేట్లు ఎత్తారంటే, ఐదుగురం కలిసి చూడటానికి పోయాం. అంత దూరం నుంచే నీటి తుంపర పొగలా లేచి మా మీదికి వస్తోంది. బిడ్డ నా భుజాల మీద కూర్చుంది. తుంపర నా నెత్తి మీద పడి జారుతుంటే అది తన గౌను అంచుతో తుడుస్తోంది. మళ్లీ తడుస్తోంది, మళ్లీ తుడుస్తోంది. అంత నీళ్లు దూకుతుంటే అది చూడటం లేదు, దానికి నా నెత్తితోనే పని.

"దానికి డ్యాం చూపియ్యుండ్రి, గంత దూరం నుంచి వచ్చినం," అంది నా భార్య.

"ఉండనియ్యి బిడ్డా," అన్నాడు బాపు, "అది దాని పని చేసుకుంటాంది."